నేర్చుకొనుట కూడా పనియే
భిలాయి ఉపాధ్యాయుల ప్రశ్న – మనందరి ప్రశ్న



రైల్వే, తపాలా ఉద్యోగుల బులెటిన్‌లో బడిపంతుళ్ల సంగతి ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. దానికి జవాబు భిలాయిలో ఉన్నది. మన రైళ్లు పరుగెత్తే పట్టాలలో చాలా భాగం 1960 నుంచి ఆ ఊరి మిల్లులోనే సాగి వచ్చినవి. ఆ కర్మాగారాన్ని నిలబెట్టిన చేతులలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకొని వెళ్లిన తెలుగువారి చేతులు ఎన్నో ఉన్నవి. ఖుర్సీపార్ వంటి బస్తీలలో నేటికీ తెలుగు మాట వినవస్తుంది. ఆ కార్మికుల బిడ్డలలో కొందరు ఉపాధ్యాయులైనారు. 2020లో ఆ ఉపాధ్యాయులకు జరిగినది ఈనాడు మన కార్యాలయాలలో, మన స్టేషన్లలో, మన పోస్టాఫీసులలో మనకు జరుగుతున్నది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక ఉపాధ్యాయిని నోట నేను విన్నది విన్నట్లు చెప్పుతాను. ఆమె తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. ఆమె భిలాయిలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఇరువదేళ్లుగా లెక్కలు చెప్పుతున్నది. ఆ పాఠశాల పేరు ఇక్కడ అవసరం లేదు. దేశంలో అటువంటివి వేలకొద్దీ ఉన్నవి.

2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చినది. కొద్దిరోజులకే ఆమె ఫోనుకు ఒక సందేశం: వచ్చే సోమవారం నుంచి పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో చెప్పవలెను. ఎట్లా చెప్పవలెనో అందులో ఒక్క ముక్క లేదు. దేనితో చెప్పవలెనో లేదు. ఆమె దగ్గర ఉన్నది అద్దం పగిలిన పాత ఫోను. చీటీపాట డబ్బు ముందుగా తీసుకొని కొత్తది కొన్నది. ఫోను నిలబెట్టటానికి పప్పు డబ్బాలు పేర్చినది. నల్లబల్ల లేక వంటింటి తలుపు మీద సుద్దతో లెక్కలు వేసినది. మొదటిరోజు నలభైమంది పిల్లలలో తెరమీద ముఖం కనబడినవారు ఆరుగురు. "అన్నయ్యగారూ, పిల్లల కళ్లు చూస్తే గదా లెక్క అర్థమైందో లేదో తెలిసేది. ఆ రోజు గోడకు పాఠం చెప్పినట్లైంది" అన్నది ఆమె.

అయినా ఆమె వెనుదీయలేదు. తెరను పంచుకోవటం పదవ తరగతి చదివే కొడుకు దగ్గర నేర్చుకొన్నది. బొమ్మ మసకబారినా పిల్లలు సహిస్తారుగాని మాట వినబడకపోతే పాఠం పోయినట్లేనని వారం రోజులలో తెలుసుకొన్నది. నలభై నిమిషాల పాఠాన్ని పది నిమిషాల ముక్కలుగా విడగొట్టవలెనని, ప్రతి ముక్క చివర ఒక ప్రశ్న వేయకపోతే పిల్లవాడు ఫోనులో మరొక చోటికి పోతాడని, డేటా లేని ఇంటికి వీడియో కంటె చిన్న ఆడియో మేలని – ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే తంటాలుపడి నేర్చుకొన్నది. పగలు పాఠం, సాయంత్రం పిల్లలు అడ్డదిడ్డంగా ఫొటో తీసి పంపిన నోటుపుస్తకాలు దిద్దటం, రాత్రి తల్లిదండ్రుల ఫోన్లు, వారు పడుకొన్న తరువాత మరునాటి వీడియో తయారు చేయటం. తెల్లవారితే మళ్లీ అదే పని.

జూన్ నెలలో యాజమాన్యం ఆమె జీతాన్ని సగానికి తగ్గించినది. కారణం ఏమనగా – బడి నడవటంలేదు, కాబట్టి పని సగమే! "బడి లేదని వారన్నారు. నేను మాత్రం పగలూ రాత్రీ బడిలోనే ఉన్నాను" అన్నది ఆమె. ఈ ఒక్క వాక్యంలో మనం చర్చించవలసిన విషయమంతా ఉన్నది.

ఇది ఒక్క ఊరి కథ కాదు. 2020 ఏప్రిల్ 7న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం "పఢయీ తుంహర్ దువార్" – చదువు మీ గడపకే – అనే పేరుతో ఆన్‌లైన్ విద్యాపథకాన్ని ప్రారంభించినది. పేరు ముచ్చటైనదే. కాని గడపలో ఏమున్నది? 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. పట్టణాలలో సైతం ఇంటర్నెట్ ఉన్న కుటుంబాలు 42 శాతమే. ఈ లెక్కలు ప్రభుత్వం వద్దనే ఉన్నవి. ఐనను సిగ్నలు లేని ఊళ్లకు చదువు చేర్చే భారం ఉపాధ్యాయుల నెత్తినే పడినది. బస్తర్‌లో లౌడ్‌స్పీకర్లు కట్టి ఊరంతటికీ పాఠం వినిపించారు. "బుల్టూ కే బోల్" అనే పేరిట ఇంటర్నెట్ అక్కరలేకుండా బ్లూటూత్ ద్వారా ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు ఆడియో పాఠాలు అందించారు. వీధి అరుగుల మీద, చెట్ల క్రింద పిల్లలను కూర్చోబెట్టి చదివించారు. ఆ ఉపాధ్యాయుల నేర్పుకు జోహార్లు. వారిని పొగడిన నాయకులకు మాత్రం ఒక ప్రశ్న: ఆ నేర్పు సంపాదించటానికి వారు వెచ్చించిన కాలానికి, డబ్బుకు లెక్క ఎక్కడ?

ఈ ప్రశ్న వేసినవారికి మూడు సమాధానాలు వినవస్తున్నవి. మూడింటినీ విచారిద్దాం.

మొదటి సమాధానం: గురువు త్యాగమూర్తి; ఆయన గంటలు లెక్కపెట్టగూడదు. ఈ మాట వినటానికి తీయగా ఉంటుంది. కాని ఈ దేశంలో ఎవరి జీతం ఎగవేయదలచినా ముందుగా వారికొక పూలదండ వేయటం ఆనవాయితీ. ఉపాధ్యాయుని గొప్పవాడన్నారు. గొప్పవాడు గనుక కార్మికుడు కాడన్నారు. 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉపాధ్యాయులు "కార్మికులు" కారని తీర్పు చెప్పినది. బోధన అంత ఉదాత్తమైన వృత్తి గనుక దానిని మామూలు పనులతో జమకట్టరాదన్నది అందులోని తర్కం. ఫలితమేమి? ఉదాత్తమైన వృత్తిలో ఉన్న మన ఉపాధ్యాయినికి సగం జీతం కోసినప్పుడు, పారిశ్రామిక వివాదమంటూ లేబరు కమిషనరు గడప తొక్కే దారి కూడా లేకపోయినది. పూలదండ బరువు ఎంతో ఆమెకు తెలిసినది.

రెండవ సమాధానం: మీరు యంత్రాలకు విరోధులు, కొత్తదనమంటే మీకు భయం. ఈ నింద మనకు కొత్తది కాదు. దీనికి సమాధానం భిలాయి చరిత్రయే చెప్పుతుంది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఆ కర్మాగారానికి ఒప్పందం కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆనాడు ఆ కొలిమి మన దేశానికి ఎంత కొత్తదో, 2020లో వంటింట్లో నిలబెట్టిన ఫోను మన ఉపాధ్యాయినికి అంత కొత్తది. మరి ఆనాడు ఏమి చేశారు? "కొలిమి వస్తున్నది, ఎవరి గరిట వారు కొనుక్కొని, రాత్రిపూట ఇంట్లో నేర్చుకొని సోమవారం డ్యూటీకి రండి" అన్నారా? అనలేదు. ఇంజనీర్లను, నిపుణ కార్మికులను వందలాదిగా ప్రభుత్వ ఖర్చుతో సోవియట్ దేశానికి పంపి, అక్కడి కర్మాగారాలలో నెలల తరబడి పని నేర్పించారు. నేర్పటం ఉత్పత్తిలో భాగమని ఆనాటి ప్రణాళికాకర్తలకు తెలుసు. నేర్వనివాని చేతిలో కొలిమి పెట్టితే కొలిమీ మిగలదు, మనిషీ మిగలడు. మరి నేర్పకుండా ఉపాధ్యాయుని చేతిలో తరగతి పెట్టితే ఏమగును? కొలిమి పగిలితే చప్పుడవుతుంది. చదువు పగిలితే చప్పుడు కాదు. తేడా అంతే.

భిలాయికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనుల చరిత్ర ఇంకొక పాఠం నేర్పుతుంది. 1977లో అక్కడ ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్, శంకర్ గుహా నియోగీ నాయకత్వాన, పూర్తి యాంత్రీకరణను ఎదిరించినది. కాని యంత్రాలే వద్దనలేదు. మనుషుల పని మిగిలే అర్ధ యాంత్రీకరణ పథకాన్ని తానే రూపొందించి యాజమాన్యం ముందు పెట్టినది. నియోగీ పంథాలో మనలో కొందరికి భేదాభిప్రాయాలు ఉండవచ్చును. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో ఆయనను హత్య చేశారు. ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం చావలేదు: యంత్రం వచ్చునా రాదా అన్నది కాదు, ఎవరి షరతులపై వచ్చును?

ఆ షరతులు బేరమాడి సాధించుకొన్న చరిత్ర కూడా మనకున్నది. 1983లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు బ్యాంకుల యాజమాన్యాలతో కంప్యూటర్లపై ఒప్పందం చేసుకొన్నవి. 1985లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లకు కంప్యూటరు వచ్చినప్పుడు మన బుకింగ్ క్లర్కులు పెద్ద లెడ్జర్లు మూసి, మీటల ముందు కూర్చొని కొత్త పని నేర్చుకొన్నారు. ఆ కంప్యూటరును ఇంటినుంచి తెచ్చుకొమ్మని వారితో ఎవరూ అనలేదు.

టెలివిజన్ బడికి వచ్చిన కథ కూడా ఇదే చెప్పుతుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించిన "సైట్" ప్రయోగం పెద్దలకు జ్ఞాపకం ఉండును. ఆంధ్రప్రదేశ్‌లోని తెలుగు గ్రామాలూ అందులో ఉన్నవి. నేటి ఛత్తీస్‌గఢ్ పల్లెలూ ఉన్నవి. ఆ ప్రయోగంలోనే దాదాపు 50 వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. టెలివిజన్ ఒక్కటే చాలదని ఆనాడే గుర్తించి, దానికి రేడియోను, అచ్చు పుస్తకాలను, దగ్గరుండి చేయించే మార్గదర్శకులను జతచేశారు. టెలివిజన్ పెట్టెలు ప్రభుత్వమే పెట్టినది. లోపాలు ఆ ప్రయోగంలోనూ ఉన్నవి. కాని యాభై ఏళ్ల క్రితం, ఇంత సంపద లేని దేశం చేయగలిగిన పనిని, ఇన్ని ఉపగ్రహాలున్న ఈనాటి దేశం చేయలేకపోయినదంటే అది లేమి కాదు, నిర్లక్ష్యం.

మూడవ సమాధానం కొంచెం తెలివైనది: నేర్చుకొంటే మీకే మంచిది, అది మీ సొంత అభివృద్ధి, దానికి జీతమెందుకు? నేర్చుకొనేవానికి మంచిదే. కాదని ఎవరన్నారు? మన ఉపాధ్యాయినియే నాతో చెప్పినది – తరగతిలో ఏడాది పొడుగునా నోరు విప్పని ఒక బాలిక, రాత్రి ఎనిమిదింటికి ఆడియో సందేశంలో మూడు ప్రశ్నలు అడిగినదట. వీడియోను ఆపి, వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూసి భిన్నాల లెక్క నేర్చుకొన్న పిల్లవాడున్నాడట. సాధనంలో గుణమున్నది. ఆమె దానిని నేటికీ వాడుతున్నది. కాని ఆ నేర్పువల్ల ఫీజులు ఆగకుండా వసూలైనది యాజమాన్యానికి. ఆమె చేసిన వీడియోలు నేటికీ ఆ పాఠశాల దగ్గరే ఉన్నవి. రేపు ఆమె లేకున్నా ఆమె గొంతు పాఠం చెప్పుతూనే ఉండును. లాభం పంచుకొనే వేళ అది సంస్థ ఆస్తి, ఖర్చు భరించే వేళ అది ఆమె సొంత అభివృద్ధి! ఈ న్యాయం ఏ ధర్మశాస్త్రంలోనిది?

ఇంతకూ ఆ కాలంలో ఎవరు అభివృద్ధి చెందారో చూడండి. బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ విలువ 2022 నాటికి 2,200 కోట్ల డాలర్లని మదింపు వేశారు. 2024లో అది దివాలా విచారణకు వచ్చినది. ఈ నడుమ వేలాది ఉద్యోగులు వీధిన పడ్డారు. ఇక పిల్లల సంగతి: 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన ఆన్‌లైన్ విద్యాసాధనాలను హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ పరిశీలించి 2022 మేలో నివేదిక వెలువరించినది. వాటిలో దాదాపు పదింటికి తొమ్మిది పిల్లల వ్యక్తిగత సమాచారం విషయంలో వారి హక్కులకు భంగం కలిగించేవిగానో, ముప్పు తెచ్చేవిగానో తేలినవి. ఏ సాధనం వాడవలెనో నిర్ణయించేటప్పుడు ఉపాధ్యాయుని మాట అడిగినవారు లేరు. పిల్లవాని ముందు నిలబడవలసినది మాత్రం అతడే.

వేరే దారి లేదా? ఉన్నది. 1966 అక్టోబరు 5న పారిస్‌లో ఆమోదించిన ఉపాధ్యాయుల హోదా గురించిన సిఫారసు, ఉద్యోగంలో ఉండగా ఇచ్చే శిక్షణ ఉపాధ్యాయులందరికీ ఉచితంగా లభించవలెనని చెప్పినది. ఉరుగ్వే అనే చిన్నదేశం 2007లో మొదలుపెట్టి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకూ ఉపాధ్యాయులకూ లాప్‌టాప్‌లు తానే పంచినది. ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, పనివేళలు దాటిన తరువాత ఫోనుకు, కంప్యూటరుకు జవాబివ్వకుండా ఉండే హక్కుపై పెద్ద సంస్థలు ఉద్యోగులతో చర్చలు జరుపవలెనని చట్టం వచ్చినది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అటువంటి హక్కు అమలులోకి వచ్చినది. మన దేశంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలో కొత్త నైపుణ్యాలు నేర్చుకొనేందుకు ఒక నిధి ఉన్నది. అది ఎవరికి? ఉద్యోగం ఊడినవానికి! పనిలో ఉన్నవాడు సొంత ఖర్చుతో నేర్వవలెను. పని పోయినవానికి పదిహేను రోజుల జీతం చేతిలో పెట్టి నేర్చుకొమ్మంటారు.

ఇక మన సంగతి. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం "మిషన్ కర్మయోగి"ని ఆమోదించినది. 2022 జూన్ 28న తపాలా శాఖ "డాక్ కర్మయోగి" పోర్టలును ప్రారంభించినది. శిక్షణ మంచిదే, గ్రామీణ డాక్ సేవక్ వరకు శిక్షణ అందవలెనన్న ఉద్దేశం స్వాగతింపదగినదే. కాని మిత్రులారా, మీ గుండెమీద చేయి వేసుకొని చెప్పండి. ఆ పాఠాలు మీరు ఎప్పుడు చదివారు? కౌంటరు మూసిన తరువాతనా? రాత్రి డ్యూటీ దిగి వచ్చి కళ్లు మూతలు పడుతుండగానా? ఎవరి ఫోనులో, ఎవరి డేటాతో? చదివారా, లేక నెలాఖరు లెక్క కోసం మీట నొక్కి ముగించారా? నేర్చుకొనేందుకు కాలం ఇవ్వకుండా సర్టిఫికెట్ల లెక్క మాత్రం అడిగే చోట నేర్పు పెరుగదు, నటన పెరుగుతుంది. నేర్వని గేట్‌మన్, నేర్వని పాయింట్స్‌మన్ వల్ల ఏమి జరుగునో రైల్వేవారికి చెప్పనక్కరలేదు.

ఒకప్పుడు దూరవిద్యను మోసినది మనమే. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టినప్పుడు పాఠాల కట్టలను రైలు మోసినది, ఆర్.ఎం.ఎస్. సోదరుడు వేరు చేసినాడు, పోస్ట్‌మన్ గుమ్మంలో అందించినాడు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినప్పుడూ అంతే. మనలో ఎందరో ఆ కట్టలు చదివియే పట్టభద్రులైనారు. ఆ చదువు బడుగువాని గడపకు చేరుటకు కారణమేమి? దారి పొడుగునా ప్రతి చేతికీ జీతమున్నది, ప్రతి పనికీ వేళ ఉన్నది. నేటి దూరవిద్యలో దారి మారినది. చేతులు మాయమైనట్లు కనబడుతున్నవి. అవి మాయం కాలేదు. వంటింట్లో, పప్పు డబ్బాల ప్రక్కన, రాత్రి పదకొండు గంటలకు పనిచేస్తున్నవి. ఆ పనికి లెక్క లేదు.

కావున మన డిమాండ్లు స్పష్టం.

1. పని కోసం నేర్చుకొనవలసినది ఏదైనా పనివేళలలోనే నేర్పవలెను. ఆ కాలాన్ని డ్యూటీగా పరిగణించవలెను.

2. ఫోను, కంప్యూటరు, డేటా – పనికి కావలసిన సాధనాలన్నీ యాజమాన్యమే ఇవ్వవలెను.

3. ఏ సాధనం వాడవలెనో, దాని సమాచారం ఎవరి చేతిలో ఉండవలెనో నిర్ణయించుటకు ముందు ఉద్యోగుల సంఘాలతో చర్చించవలెను.

4. ఉపాధ్యాయుడు చేసిన రికార్డింగును అతని అనుమతి, పారితోషికం లేకుండా తిరిగి వాడరాదు. దాని పేరుతో ఉద్యోగాలు తగ్గించరాదు.

5. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ఉపాధ్యాయులను కార్మికుని నిర్వచనంలో చేర్చవలెను.

ప్రతి శాఖ వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ అంశాన్ని చర్చకు పెట్టవలెనని కోరుతున్నాం. మీ సభ్యులు ఆన్‌లైన్ శిక్షణకు ఎన్ని గంటలు, ఏ వేళలలో, ఎవరి ఖర్చుతో వెచ్చిస్తున్నారో ఒక నెలరోజులు వ్రాసి ఉంచండి. వ్రాసిన లెక్క లేని కోర్కె బేరానికి నిలువదు. మీ ఊరిలోని ఉపాధ్యాయ సంఘం తలుపు తట్టండి. వారి సభకు వెళ్లండి, మీ సభకు పిలవండి. భిలాయి పట్టా ఏ ఊరిదని అడిగి బండి ఆగదు. కష్టం కూడా అంతే. ఒక వృత్తిలో మొదలై మరొక వృత్తికి చేరుతుంది. ఐక్యత కూడా అట్లాగే చేరవలెను.

నేర్చుకొనుట కూడా పనియే. పనికి వేళ ఉండవలెను. పనికి వేతనం ఉండవలెను.

కార్మిక, ఉద్యోగ, ఉపాధ్యాయ ఐక్యత వర్ధిల్లాలి!